ముక్క పరీక్షకు తొమ్మిది రోజులా? అసలు ఈ పాథాలజిస్టులు ఎక్కడుంటారు?

కదిరి_కుర్రాడు · మంగళవారం రాత్రి 10:52

అమ్మకి ఎడమ రొమ్ములో గడ్డ. కదిరిలో చూపిస్తే బెంగళూరు తీసుకుపొమ్మన్నారు. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో (పేరు వద్దు) పోయిన సోమవారం సూదితో ముక్క తీశారు. నాలుగైదు రోజుల్లో రిపోర్ట్ అన్నారు. ఇవాళ తొమ్మిదో రోజు.

ఐదో రోజు వెళితే కౌంటర్లో అమ్మాయి "ఇంకో టెస్ట్ పెట్టారు, డబ్బు కట్టండి" అంది. కట్టాను. ఏడో రోజు వెళితే "పాథాలజిస్ట్ ఇంకా సైన్ చేయలేదు సార్" అంది. ఆ పాథాలజిస్ట్ ఎవరో చెప్పండి, నేనే మాట్లాడతానంటే, వాళ్ళు పేషెంట్లను కలవరట. సర్జనేమో రిపోర్ట్ వచ్చాకే మాట్లాడదాం అంటాడు. నేను గేటు తీసిన చప్పుడు వింటే చాలు, అమ్మ "ఏమన్నారు నాయనా" అని లేచి వస్తుంది. ఏం చెప్పాలి?

బియ్యపు గింజంత ముక్కని మైక్రోస్కోప్ కింద చూడడానికి తొమ్మిది రోజులు ఎందుకు పడుతుంది? కోవిడ్ టెస్ట్ ఒక్క రోజులో ఇచ్చేవాళ్ళు కదా. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

మారతహళ్ళి_మామ

చూడడం గీడడం ఏమీ ఉండదు బ్రదర్. అంతా మెషీన్. కింద సంతకం ఎవరిదో స్కాన్ చేసి అతికిస్తారు. రెండో టెస్ట్‌కి డబ్బు కట్టమన్నారంటేనే తెలియట్లా, మీటర్ తిరుగుతోంది.

జయనగర్_జానకి

మామా, ఆయన అసలే టెన్షన్‌లో ఉంటే మధ్యలో నీ మీటర్ ఏంటి?

కుర్రాడూ, మా పిన్నికి కూడా పన్నెండు రోజులు పట్టింది. ఆలస్యమైందంటే చెడ్డదే అని అనుకోకు. పిన్నికి ఏమీ లేదన్నారు చివరికి.

మైనపు_మూర్తి

నేను డాక్టర్ని కాదు. హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించే చోట, టెక్నీషియన్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మొదట నెల్లూరు, తర్వాత ఇక్కడే. ముక్క ఏమవుతుందో నాకు తెలిసినంత చెప్తాను.

ముక్క మా దగ్గరికి ఫార్మలిన్ డబ్బాలో వస్తుంది. రాగానే కోయడానికి లేదు, ఫార్మలిన్ లోపలిదాకా ఇంకాలి. రొమ్ము ముక్క అయితే కనీసం ఆరు గంటలు, లేకపోతే తర్వాత చేసే హార్మోన్ పరీక్షలు తప్పు చూపిస్తాయి. అప్పుడు డాక్టరు ముక్కని కంటితో చూసి, కొలిచి రాస్తారు, దాన్ని గ్రాసింగ్ అంటాం. తర్వాత ముక్కని జల్లెడలా చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెడతాం. దాని మీద నంబర్ పెన్సిల్‌తోనే రాయాలి. పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో సిరా కరిగిపోయి ఎవరి ముక్క ఎవరిదో తెలియకుండా పోతుంది. చేరిన మొదటి నెలలో నేను ఒకసారి పెన్నుతో రాశాను. మా హెడ్ నన్ను ఏమీ అనలేదు, నా జేబులో పెన్ను తీసి డస్ట్‌బిన్‌లో వేసింది. అంతే.

రాత్రంతా మెషీన్‌లో పెడితే ఆల్కహాల్ ముక్కలో నీళ్ళు లాగేస్తుంది, జైలీన్ అనే ద్రావకం ఆల్కహాల్‌ని లాగేస్తుంది, ఆ ఖాళీలోకి కరిగిన మైనం ఎక్కుతుంది. పొద్దున్నే దాన్ని మైనపు దిమ్మలో పోతపోస్తాం, అదే బ్లాక్. దాన్ని ఐస్ మీద పెట్టి మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద కోస్తాం. పొర మూడు నాలుగు మైక్రాన్లు ఉండాలి. తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. ఆ పొరలు రిబ్బన్‌లా వస్తాయి. ఫ్యాన్ ఆపేసి, ఊపిరి బిగబట్టి, కుంచెతో ఎత్తి గోరువెచ్చని నీళ్ళ మీద వదిలితే ముడతలు పోయి పరుచుకుంటుంది. కింద నుంచి గాజు పలకతో ఎత్తుకోవాలి, అదే స్లైడ్. తర్వాత రంగులు: కణాల లోపల ఉండే కేంద్రకాలు ఊదా నీలం, మిగతాదంతా గులాబీ.

మామగారు చెప్పిన మెషీన్ ఉంది, రాత్రి నీళ్ళు తీసి మైనం ఎక్కించేది. స్లైడ్ చదివి సంతకం పెట్టే మెషీన్ మాత్రం నా సర్వీసులో చూడలేదు.

బెణ్ణె_దోసె

ఫ్యాన్ ఆపి, ఊపిరి బిగబట్టి, పొర చిరగకుండా ఎత్తడం... మూర్తిగారూ మీరు పనిచేసింది ల్యాబ్‌లోనా, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేచోటా?

మైనపు_మూర్తి

పూతరేకు చిరిగితే నోట్లో వేసుకోవచ్చు బాబూ.

గులాబీ_ఊదా

ముఖం కనిపించని ఆ జాతిలో నేనూ ఒకదాన్ని. పాథాలజీలో ఎం.డి., ఇక్కడే ఒక ఆసుపత్రిలో పని. పగలు నేను చూసే రంగులు మూర్తిగారు చెప్పేశారు, నా పేరు అందుకే అలా ఉంది.

కదిరి_కుర్రాడు, మీ అమ్మగారి స్లైడ్ నేను చూడలేదు కాబట్టి దాని గురించి ఊహించి చెప్పను. మామూలుగా ఏం జరుగుతుందో చెప్తాను. "సైన్ చేయలేదు" అంటే ఎవరూ చూడలేదని కాదు. సులువైన స్లైడ్ రెండు నిమిషాల పని. సులువు కానిది నా మైక్రోస్కోప్ పక్కన ట్రేలో విడిగా ఉంటుంది. పొద్దున ఒకసారి చూస్తాను. కాఫీ తాగి వచ్చి మళ్ళీ చూస్తాను. పక్క గదిలో సీనియర్ని పిలిచి, నేనేమనుకుంటున్నానో చెప్పకుండా "ఇది చూడండి మేడం" అంటాను. ముందే చెప్తే ఆవిడ కన్ను కూడా అటే పోతుంది.

రెండో టెస్ట్ బహుశా ఐ.హెచ్.సి. (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ) అనే ప్రత్యేక రంగు పరీక్ష అయుండొచ్చు. రొమ్ములో పాలగొట్టాలు ఉంటాయి కదా, ప్రతి గొట్టానికీ వెలుపల ఒక వరస కణాలు ఇంటికి ప్రహరీ గోడలా ఉంటాయి. గొట్టం లోపల ఏదైనా పెరిగినప్పుడు ఆ ప్రహరీ నిలిచి ఉందా, కూలిందా అన్నదే పెద్ద ప్రశ్న. కొన్ని గడ్డల్లో మామూలు రంగులతో ఆ గోడ కనిపించదు. అప్పుడు ఆ కణాలకే అతుక్కునే యాంటీబాడీ వేస్తాం, గోడ ఉంటే గోధుమరంగులో తేలుతుంది. ఆ యాంటీబాడీలు ఖరీదు, అందుకే ఆ బిల్లు. అదంతా కౌంటర్ అమ్మాయితో కాకుండా ఎవరైనా కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది. అక్కడ మాత్రం మీ కోపం న్యాయమే.

కోవిడ్ టెస్ట్ సంగతి: దానికి ఒకటే ప్రశ్న, ఆ వైరస్ ఉందా లేదా. మాకు వచ్చే ముక్కకి ముందే ప్రశ్న ఉండదు, అదేంటో మేమే చెప్పాలి.

కదిరి_కుర్రాడు

థాంక్స్ మేడం. ఈ నాలుగు ముక్కలు అక్కడ ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇక్కడికి వచ్చేవాణ్ణి కాదు. అంటే వాళ్ళకి కూడా డౌట్‌గా ఉందన్నమాట. అది మంచిదా చెడ్డదా?

గులాబీ_ఊదా

రెండూ కాదు. ఇంకా తెలియలేదు, అంతే. రేపు వెళ్ళి పాథాలజీ విభాగంతో ఫోన్‌లో మాట్లాడించమని సర్జన్ని అడగండి. రోజూ మాకు సర్జన్లు ఫోన్ చేస్తూనే ఉంటారు.

సర్జాపూర్_సురేష్

ఒక్క నిమిషం, పాథాలజిస్ట్ అంటే పోస్ట్‌మార్టం చేసేవాళ్ళు కదా? సినిమాల్లో శవం పక్కన టిఫిన్ బాక్స్ తెరిచి తింటుంటారు.

గులాబీ_ఊదా

మన దేశంలో పోలీసు కేసుల పోస్ట్‌మార్టం ఫోరెన్సిక్ మెడిసిన్ వాళ్ళ పని. అది వేరే శాఖ. మాది దాదాపు అంతా బతికున్నవాళ్ళ వ్యవహారం. టిఫిన్ బాక్స్ గురించి: గ్రాసింగ్ చేసి వచ్చాక ఫార్మలిన్ ఘాటుకి కళ్ళు మండుతుంటాయి, ఆకలి గుర్తుండదు.

పాత_పేజీలు

సురేష్ అన్నది పూర్తిగా తప్పు కాదు, ఈ శాస్త్రం పుట్టింది శవాల దగ్గరే. ఇటలీలో మోర్గాన్యి అని ఒక ప్రొఫెసర్, దాదాపు 700 శవపరీక్షలు రాసిపెట్టి 1761లో పుస్తకం వేశాడు. అప్పటికి ఆయన వయసు 79. అంతకుముందు జబ్బు అంటే ఒళ్ళంతా ఏవో రసాలు తేడా చేయడం అనేవాళ్ళు. ఈయన మాత్రం బతికుండగా ఈ లక్షణం ఉంది, కోసి చూస్తే ఈ అవయవంలో ఈ మార్పు ఉంది అని జంట జంటగా రాశాడు. డాక్టరు "నొప్పి ఎక్కడ?" అని అడగడానికి బలం అక్కడి నుంచి వచ్చింది.

మారతహళ్ళి_మామ

ఇటలీ సరే. ఇప్పుడు మన వీధి చివర ల్యాబ్ మాట చెప్పండి. మా ఏరియాలో మూడు ల్యాబుల రిపోర్టుల మీద ఒకే డాక్టర్ పేరు చూశాను. ఆ మనిషిని ఎక్కడా చూసినవాడు లేడు. సంతకం అద్దెకిస్తారు సార్ వీళ్ళు.

బనశంకరి_భారతి

మామ చెప్పింది జరుగుతుంది, కాదనను. అందుకే 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ల్యాబ్ రిపోర్ట్ మీద సంతకం చేయాలంటే రిజిస్టరైన డాక్టరై, పాథాలజీలో పీజీ చేసి ఉండాలని. అద్దె సంతకం దొరికితే కంప్లైంట్ ఇవ్వు. కానీ అందరూ అంతే అనకు, నా సంగతి విను.

పోయిన ఏడాది వానాకాలంలో మా ఆయనకి మూడు రోజులు జ్వరం. వీధిలో అందరికీ డెంగీ. రక్తం ఇస్తే సాయంత్రానికి మెసేజ్: ప్లేట్‌లెట్లు 38 వేలు. ఇల్లంతా గోల. మా అత్తగారు బొప్పాయి ఆకులు దంచడం మొదలుపెట్టారు, మా తమ్ముడు బెడ్ కోసం నాలుగు ఆసుపత్రులకి ఫోన్లు. ఇంతలో ఆ ల్యాబ్ నుంచే ఫోన్. "మేడం, ఆ నంబర్ పట్టుకుని కంగారుపడకండి, మా డాక్టర్ స్లైడ్ చూశారు, ఇంకోసారి రక్తం ఇవ్వండి, వేరే మూత ట్యూబ్‌లో" అన్నారు. మొదటిది ఊదారంగు మూత, రెండోది నీలం మూత. రెండోసారి 1 లక్షా 90 వేలు!

మర్నాడు వెళ్ళి ఆ డాక్టర్ని అడిగాను. చిన్న గది, ఒక మైక్రోస్కోప్, పక్కన సగం తాగి చల్లారిన టీ. నన్ను కూడా చూడనిచ్చింది. ప్లేట్‌లెట్లు ద్రాక్ష గుత్తుల్లా ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఊదా మూత ట్యూబ్‌లో రక్తం గడ్డకట్టకుండా ఈ.డి.టి.ఏ. అనే మందు ఉంటుందట. ఏ కొద్దిమందిలోనో దానివల్లే ప్లేట్‌లెట్లు గుంపు కడతాయట. గుంపుని మెషీన్ ప్లేట్‌లెట్లుగా లెక్కపెట్టదు. మెషీన్ తప్పు, మనిషి కన్ను రైటు. మామా, నోట్ చేసుకో.

బెణ్ణె_దోసె

మరి దంచిన బొప్పాయి రసం ఏమైంది అక్కా?

బనశంకరి_భారతి

తాగించారు. నంబర్ పెరిగింది దానివల్లే అని మా అత్తగారు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. నేను నోరు మూసుకున్నాను, ఇల్లు ప్రశాంతంగా ఉంది.

గుంటూరు_ఘాటు

మా నాన్న కథ వినండి. కడుపులో పుండు. డాక్టర్లందరూ ఒకటే మాట: కారం మానేయ్, టెన్షన్ తగ్గించుకో. గుంటూరులో పుట్టి పదిహేనేళ్ళు గోంగూర పచ్చడి ముట్టలేదు మనిషి. పెళ్ళిళ్ళలో పెరుగన్నం పట్టుకుని మూల కూర్చునేవాడు. చివరికి ఎవరో ఎండోస్కోపీ చేసి ముక్క తీసి పంపితే బ్యాక్టీరియా అన్నారు. రెండు వారాలు మాత్రలు. అయిపోయింది.

తర్వాత చదివితే తెలిసింది, దాన్ని మొదట పట్టించుకున్నవాడు ఆస్ట్రేలియాలో పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్ట్. 1979లో కడుపు ముక్కల స్లైడ్లలో వంకర బ్యాక్టీరియా కనిపించింది. కడుపులో యాసిడ్ ఉంటుంది, అక్కడ ఏదీ బతకదని అందరూ కొట్టిపారేశారు. బారీ మార్షల్ అనే కుర్ర డాక్టర్ ఆయనతో కలిశాడు, నమ్మించడానికి ఆ బ్యాక్టీరియాని తనే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్. మా నాన్నకి పచ్చడి.

మారతహళ్ళి_మామ

ఇది బాగుంది. పదిహేనేళ్ళ పచ్చడి బాకీ ఎవరు తీరుస్తారు?

భీమవరం_బుల్లోడు

మనవాడి పేరు ఎవరూ ఎత్తలేదేంటి! ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, మా భీమవరంలో పుట్టినాయన, బ్లడ్ కాన్సర్‌కి మొదటి మందు ఇచ్చింది ఆయనే. ప్రపంచానికే గొప్ప పాథాలజిస్ట్.

పాత_పేజీలు

బుల్లోడూ, గొప్ప నిజం, పాథాలజిస్ట్ అబద్ధం. సుబ్బారావుగారు బయోకెమిస్ట్. కానీ ఆ కథలో పాథాలజిస్ట్ ఉన్నాడు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్. లుకేమియాతో, అదే బ్లడ్ కాన్సర్‌తో, చనిపోయిన పిల్లల అవయవాలు చూడడం ఆయన పని. చూసీ చూసీ బతికున్న పిల్లల వైపు నడిచాడు. సుబ్బారావుగారి బృందం తయారుచేసిన ఎమినోప్టెరిన్ అనే మందుని 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అది తాత్కాలికమే, పిల్లలు నిలవలేదు. కానీ రసాయన మందుతో పిల్లల లుకేమియా తగ్గుతుందని తెలిసింది అక్కడే. ఆ పేపర్ 1948 జూన్‌లో వచ్చింది, సుబ్బారావుగారు ఆ ఆగస్టులో పోయారు.

భీమవరం_బుల్లోడు

సరే, బయోకెమిస్ట్. భీమవరం మాత్రం మార్చొద్దు.

బొబ్బిలి_చిన్ని

మా నానమ్మ చుట్ట అడ్డపొగ కాల్చేది. ఇక్కడ ఎవరికైనా తెలుసో లేదో, నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆడవాళ్ళకి అలవాటు. చేపలకి, పొలానికి పోతే గాలికి, వానకి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని. పెదాలు మూసుకుని, రెండు చేతులతో నాట్లు వేస్తూ, నోట్లో నిప్పు. చిన్నప్పుడు నాకది గారడీలా ఉండేది. నోరు తెరువు నానమ్మా అని అడిగేదాన్ని, తెరిస్తే పై అంగిలి తెల్లగా, సున్నం కొట్టినట్టు, మధ్యలో ఎర్ర చుక్కలు.

నానమ్మకి అంగిలిలోనే పుండు పడింది. విశాఖ పెద్దాసుపత్రిలో ముక్క తీశారు. కాన్సర్. ఆ రిపోర్ట్ చూసిన డాక్టరమ్మ మా నాన్నతో అన్నమాట నాకు గుర్తుంది: "అంగిలి ముక్క అని రాసి ఉంటే మేము ముందు ఊరి పేరు చూస్తామండీ."

తర్వాత కాలేజీలో తెలిసింది, మిగతా చోట్ల అరుదుగా ఉండే అంగిలి కాన్సర్ మా తీరంలో ఎందుకు ఇంత ఉందని 1950ల్లోనే ఆంధ్రా పాథాలజీ డాక్టర్లు పేపర్లు రాశారు. ముక్కలు లెక్కపెట్టి, ఎవరు ఎలా కాల్చారో అడిగి. ఇప్పుడు మా ఊళ్ళో నా వయసు వాళ్ళెవరూ కాల్చరు. నానమ్మ తరం వాళ్ళు ఇద్దరు మిగిలారు, చెప్పినా వినరు.

జయనగర్_జానకి

చిన్నీ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, అక్కలూ, పాప్ స్మియర్, అదే గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ని ముందే పట్టే పరీక్ష, ఎంతమంది చేయించుకున్నారు? పాపనికొలావ్ అనే ఆయన పేరు మీద వచ్చింది ఆ పాప్. 1928లో చెప్తే పట్టించుకోలేదట, 1943లో పుస్తకం వేశాకే కదిలారు. నేను కూడా నలభై రెండేళ్ళు వచ్చేదాకా వాయిదా వేశాను, గొప్పేం లేదు.

సర్జాపూర్_సురేష్

మన దేశం వాళ్ళు ఎవరూ లేరా, అన్నీ ఇటలీ, బోస్టనేనా?

పాత_పేజీలు

కలకత్తాలో శంభునాథ్ దే. పాథాలజీ ప్రొఫెసర్. కలరా క్రిమి రక్తంలో చేరి చంపుతుందా, పేగులోనే ఏదో చేస్తుందా అన్నది అప్పటికి తేలలేదు. ఈయన కుందేలు పేగుని రెండుచోట్ల ముడివేసి, ఆ మధ్య క్రిమి పెంచిన నీటిని, క్రిమిని వడగట్టేసి, ఎక్కించాడు. పేగు నీళ్ళతో ఉబ్బింది. అంటే క్రిమి లేకపోయినా అది వదిలిన విషం చాలు, ఒంట్లో నీరు పేగులోకి తోడేస్తుంది. 1959లో నేచర్ పత్రికలో వచ్చింది. మామూలు ల్యాబ్, మామూలు సామాను. బతికుండగా ఆయనకి దక్కాల్సింది దక్కలేదు.

విల్సన్‌గార్డెన్_వేణు

బెంగళూరులో ఉండి నిమ్హాన్స్ (మెదడు, మానసిక జబ్బుల పెద్దాసుపత్రి) వాళ్ళ మెదడు మ్యూజియం చూడనివాళ్ళు చూడండి. న్యూరోపాథాలజీ విభాగం వాళ్ళది. డాక్టర్ ఎస్.కె. శంకర్ గారు, ఆయన సహచరులు ఏళ్ళ తరబడి పోగుచేశారు. జాడీల్లో వరసగా మెదళ్ళు: పక్షవాతం వచ్చినవి, కణితి ఉన్నవి, బద్దెపురుగు లార్వాల తిత్తులు ఉన్నవి, తలకి దెబ్బ తగిలినవి. మావాడికి పదిహేడేళ్ళు, హెల్మెట్ బండికి తగిలించుకుని తిరిగే రకం. అక్కడ ఒక మెదడు చేతిలో పెట్టారు. గ్లవ్స్ వేసుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు, కిలో పైన ఉంటుంది. "ఇది ఎవరిది అంకుల్?" అని అడిగాడు. కుటుంబం ఇష్టపడి ఇచ్చింది అన్నారు. బయటికి వచ్చాక ఏమీ మాట్లాడలేదు. హెల్మెట్ పెట్టుకున్నాడు. సిగ్నల్ దాటాక తీస్తాడేమో అని చూశాను, తీయలేదు.

మారతహళ్ళి_మామ

వేణూ, మావాణ్ణి కూడా ఈ శనివారం తీసుకుపో. నా మాట వినడు.

కదిరి_కుర్రాడు · బుధవారం సాయంత్రం 6:20

రిపోర్ట్ వచ్చింది. పది రోజులు ఆగినందుకు ఏం రాశారో చూడండి. కాన్సర్ అని లేదు. కాదు అని కూడా లేదు. "పాపిల్లరీ లీజన్ విత్ ఎటిపియా, గడ్డ మొత్తం తీసి పరీక్షకు పంపడం అవసరం" అంట. ఇందుకా నేను రెండుసార్లు డబ్బు కట్టింది? గోడమీద పిల్లి. అమ్మకి ఏం చెప్పాలో తెలియక లిఫ్ట్ దగ్గర అరగంట నిలబడ్డాను.

మారతహళ్ళి_మామ

నేను మొదటి రోజే చెప్పానా లేదా?

గులాబీ_ఊదా

మామగారూ, ఆగండి.

కుర్రాడూ, కోపం తీరేదాకా తిట్టండి, తర్వాత ఇది చదవండి. పాపిల్లరీ లీజన్ అంటే పాలగొట్టం లోపల వేళ్ళలా పెరిగిన గడ్డ, ఎటిపియా అంటే కణాలు మామూలుగా కాకుండా కొంచెం తేడాగా కనిపించడం. సూదితో తీసింది గడ్డలో ఏ కొంచెమో. ఇలాంటి గడ్డల్లో ఒక మూల ప్రమాదం లేకుండా, ఇంకో మూల వేరేగా ఉండొచ్చు. మీ పాథాలజిస్ట్ ముక్కలో చూసింది రాశారు, చూడనిది రాయలేదు. "కాదు" అని రాసి ఉంటే మీకు ఇవాళ సంతోషంగా ఉండేది, గడ్డ లోపలే ఉండేది. "అవును" అని రాసి ఉంటే అక్కర్లేని పెద్ద ఆపరేషన్‌కి పోయేవాళ్ళు. ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి రాసేయమని మా మీద ఒత్తిడి ఎంత ఉంటుందో మీకు తెలియదు. ఆ సంతకం పెట్టిన మనిషి ఎవరో గానీ, తొందరపడలేదు.

పాత_పేజీలు

దీనికి పెద్ద కథే ఉంది. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్‌కి గొంతు బొంగురు పోయింది. అక్కడి డాక్టర్లు కాన్సర్ అనుమానించి ఆపరేషన్ అన్నారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన మెకెన్జీ అనే డాక్టర్ చిన్న ముక్క తీసి విర్కోకి పంపాడు. విర్కో అంటే మాటలు కాదు, జబ్బు కణంలో మొదలవుతుందని 1858లో చెప్పి ఈ శాస్త్రానికి తండ్రి అనిపించుకున్నవాడు. ఆ ముక్కలో కాన్సర్ లేదని రాశాడు. ఆపరేషన్ ఆగిపోయింది. 1888 మార్చిలో యువరాజు చక్రవర్తి అయ్యాడు, 99 రోజులు ఏలి జూన్‌లో పోయాడు. కోసి చూస్తే కాన్సరే.

అదే విర్కో కుర్రతనంలో, 1848లో, అప్పటి ప్రష్యా రాజ్యంలోని సైలీసియాలో టైఫస్ జ్వరాలు ఎందుకు వస్తున్నాయో చూసి రమ్మని ప్రభుత్వం పంపితే, మందుల పేర్లు కాకుండా చదువు, కూలి, రోడ్లు, స్వపరిపాలన కావాలని రిపోర్ట్ రాశాడు. ఆయన రాజకీయాల వల్ల మరుసటి ఏడాది ఉద్యోగం నుంచి సస్పెండ్ చేశారు. అంత మనిషిని కూడా ఒక చిన్న ముక్క బోల్తా కొట్టించింది.

కదిరి_కుర్రాడు

తిట్టడం అయిపోయింది మేడం. సర్జన్ వచ్చే గురువారం గడ్డ మొత్తం తీస్తామన్నారు. ఈలోపు ఇంకో చోట చూపించుకోవచ్చా? ఆ ముక్క అసలు మిగిలుంటుందా?

గులాబీ_ఊదా

ఉంటుంది. బ్లాక్, స్లైడ్లు ల్యాబ్‌లో భద్రంగా పెడతారు. రాసిచ్చి, సంతకం పెట్టి తీసుకోవచ్చు, అడగడానికి మొహమాటపడకండి, మాకు కోపం రాదు. కాన్సర్ సెంటర్లలో బయటి స్లైడ్లు చూస్తారు. రిపోర్ట్ కాపీ, స్కాన్ కాపీ కూడా పట్టుకెళ్ళండి. ఆపరేషన్ తేదీ మాత్రం దానికోసం జరపకండి. ఇంకో మాట, బ్లాక్ పారేసుకోవద్దు. అది ఒక్కటే ఉంటుంది.

కదిరి_కుర్రాడు · గురువారం రాత్రి 9:15

తెచ్చాను. అడిగితే పది నిమిషాల్లో ఇచ్చేశారు. రిపోర్ట్ మీద సంతకం పెట్టిన డాక్టరే బయటికి వచ్చి ఇచ్చింది. నాకంటే చిన్నదేమో, కళ్ళద్దాలు, నుదుటి మీద మైక్రోస్కోప్ ఆనించిన గుర్తు. "ఎక్కడ చూపించినా వాళ్ళేమన్నారో నాకు కూడా చెప్పండి, నాకూ తెలియాలి" అంది. రెండు రోజులుగా తిట్టింది ఈ అమ్మాయినా అనిపించింది.

బ్లాక్ అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. తెల్ల మైనం మధ్యలో సన్నగా మూడు గీతలు. అమ్మ అరచేతిలో పెట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. "ఇంతేనా నాది" అంది.

రేపు పొద్దున స్లైడ్లతో కలిపి రివ్యూకి ఇవ్వాలి. మూర్తిగారూ, దీన్ని ఫ్రిజ్‌లో పెట్టాలా? బండి డిక్కీలో తీసుకెళ్ళొచ్చా?

మైనపు_మూర్తి

ఫ్రిజ్ అక్కర్లేదు. డిక్కీ వద్దు, ఎండకి లోపల కాగిపోతుంది, మైనం మెత్తబడుతుంది. చిన్న డబ్బాలో దూది పెట్టి చొక్కా జేబులో వేసుకో. స్లైడ్లు వేరే పెట్టు, గాజు. ఇప్పుడు ఎక్కడుంది?

కదిరి_కుర్రాడు

అమ్మ తీసుకుని కుంకుమ భరిణెలో పెట్టి దేవుడి గూట్లో పెట్టింది.

మైనపు_మూర్తి

గూట్లో ఉండనీ. దీపం వెలుగుతుంటే మాత్రం కొంచెం దూరం జరుపు.